చావు లేనివాళ్ల విసుగు, బళ్లారి వకీళ్ల నాటకం

ఈసారి కూడా పోస్టు కాస్త పొడుగే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకోండి.

ఉగాది కార్యక్రమం గురించి మన గ్రూపులో నడుస్తున్న వాదన అందరికీ తెలిసిందే. పౌరాణికం ఒక్క అంకమైనా ఉండాలని పెద్దలంటున్నారు. మళ్లీ దేవుళ్ల నాటకమేనా, సైన్స్ ఫిక్షన్ ఏదైనా వేద్దామని పిల్లలంటున్నారు. ఆ రెండూ వేర్వేరు సరుకులనుకోవడం వల్లే ఈ పేచీ వచ్చింది. చావు లేనివాళ్లు, ఏమైనా చేయగలవాళ్లు, పొద్దుపోక మనుషుల జోలికి వచ్చేవాళ్లు. ఈ కథ అమెరికా టీవీలోకి రాకముందే మన బళ్లారి స్టేజీ ఎక్కింది. కంటోన్మెంట్‌లో కాపురమున్న మనమే ఆ సంగతి మరిచిపోతే ఇంకెవరికి గుర్తుంటుంది?

ముందు పిల్లలు చెప్పే కథ చూద్దాం. 1987లో అమెరికాలో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్' అనే సీరియల్ మొదలైంది. మొదటి కథలోనే 'క్యూ' అనేవాడు వస్తాడు. అతని పేరూ క్యూనే, అతని జాతి పేరూ క్యూనే. ఆ జాతికి చావు లేదు. చిటికేస్తే నక్షత్రాలు కూడా కదులుతాయి. అంత శక్తి ఉన్నవాడు చేసే పనేమిటయ్యా అంటే, అంతరిక్ష నౌకలో పోతున్న మనుషుల్ని పట్టి బోనులో నిలబెట్టడం. మీ జాతి ఆటవిక జాతి, బతకడానికి మీకేం అర్హత ఉందో చెప్పుకోండని విచారణ పెడతాడు. జడ్జీ అతనే, ఫిర్యాది అతనే. 1994లో ఆ సీరియల్ ముగింపు కథలో కూడా అదే కోర్టు, అదే విచారణ.

అసలు గుట్టు 1996లో 'వాయేజర్' అనే మరో స్టార్ ట్రెక్ సీరియల్‌లో బయటపడింది. అదే జాతివాడు ఇంకొకడు, నాకు చావు కావాలి, ఇప్పించండని మనుషుల నౌక కెప్టెన్‌ని ఆశ్రయిస్తాడు. మళ్లీ విచారణ. తన లోకం ఎలా ఉంటుందో ఆమెకు అర్థమయ్యే రూపంలో చూపిస్తాడు. ఎడారిలో ఒక రోడ్డు, పక్కన ఒక పాత ఇల్లు, అక్కడ కూర్చుని కొందరు. ఎవరూ మాట్లాడరు. చెప్పవలసినవన్నీ ఎప్పుడో చెప్పేసుకున్నారు, చూడవలసినవన్నీ చూసేశారు. చివరికి కెప్టెన్ అతని పక్షానే తీర్పిస్తుంది. అతను మనిషిగా మారి, ఎంతోకాలం బతకకుండానే తన ప్రాణం తనే తీసుకుంటాడు. అంత శక్తి ఉన్న జాతి మాట్లాడుకోవడానికి మాటల్లేక కూర్చోవడం చూస్తే ఎవరికైనా గుండె చివుక్కుమంటుంది.

ఈ ఆలోచన పడమటివాళ్లకు కూడా కొత్తది కాదు. 1726లో వచ్చిన 'గలివర్ యాత్రలు'లో స్విఫ్ట్ ఒక దేశంలో చావులేని మనుషుల్ని చూపించాడు. వాళ్లకు చావు రాదు, ముసలితనం మాత్రం అందరికీ వచ్చినట్టే వస్తుంది. తర్వాతి తరాల భాష కూడా వాళ్లకు అర్థం కాదు. సొంత ఊళ్లోనే పరాయివాళ్లు. రోబో అనే మాటను లోకానికిచ్చిన చెక్ రచయిత కారెల్ చాపెక్ 1922లో 337 ఏళ్ల పాటగత్తె మీద నాటకం రాశాడు. ఆమెకు పాట మీద, ప్రేమ మీద, దేని మీదా ఇష్టం మిగల్లేదు. ఆయుష్షు పెంచే ఆ మందు రహస్యం చేతికొస్తే ఒక పడుచుపిల్ల దాన్ని కాల్చేస్తుంది.

చాపెక్ నాటకానికి ఒక సంవత్సరం ముందు, 1921లో, బెర్నార్డ్ షా 'బ్యాక్ టు మెథూసెలా' అచ్చువేయించాడు. అయిదు భాగాల నాటకం. మొదటి భాగంలో ఆదాముకు చావుకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఎప్పటికీ తనను తానే భరిస్తూ ఉండాలే అన్నదే అతని భయం. చివరి భాగం జరిగేది 31,920వ సంవత్సరంలో. అక్కడ మనుషులు గుడ్లలోంచి పెద్దపిల్లలుగానే పుడతారు. నాలుగేళ్లు ఆటపాటలు, ప్రేమలు, బొమ్మలు చెక్కడాలు. ఆ తర్వాత అవన్నీ చప్పగా తోచి, 'ప్రాచీనులు'గా మారి వేల ఏళ్లు ఆలోచిస్తూ తిరుగుతారు. ఏదో ఒకనాడు ప్రమాదం జరిగితే తప్ప వాళ్లకు చావు లేదు. దీన్ని సైన్స్ ఫిక్షన్ అనకపోతే మరి దేన్నంటాం?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఆ షాను లండన్‌లో కలిసి నాటకాల గురించి మాట్లాడి వచ్చినవాడు ఒక బళ్లారి వకీలు. తాడిపత్రి రాఘవాచార్యులు. లోకానికి బళ్లారి రాఘవ. 1880లో పుట్టారు, 1946లో పోయారు. 1920ల చివర్లో ఆయన ఇంగ్లండు వెళ్లినప్పటి సంగతి అది. ఆయన పేరుతో మన ఊళ్లో రాఘవ కళామందిరం ఉంది. మన పిల్లల్లో చాలామందికి అది ఫంక్షన్లు జరిగే హాలు మాత్రమే.

రాఘవగారికంటే ముందు ఇద్దరున్నారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), సరస వినోదినీ సభ పెట్టినవారు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడంటారు. రెండోవారు కోలాచలం శ్రీనివాసరావు (1854–1919), సుమనోరమ సభవారు. చారిత్రక నాటకాలకు ఆయన్నే పితామహుడంటారు. ముగ్గురూ వకీళ్లే. పగలు కోర్టులో వాదన, రాత్రి స్టేజీ మీద వాదన. తెలుగు నాటకానికి ఇద్దరు పితామహుల్ని ఇచ్చిన ఊరు మనది. ఆనాడు ఇది మద్రాసు రాష్ట్రంలో జిల్లా కేంద్రం, పెద్ద దండు ఉన్న ఊరు. దండు దిగిన చోటే ఈ కంటోన్మెంట్. ఆ సిపాయిలు పోయారు, దొరలు పోయారు, పేరు మిగిలింది.

ధర్మవరంవారు ప్రహ్లాద నాటకం రాశారు. రాఘవగారికి పేరు తెచ్చిన వేషాల్లో హిరణ్యకశిపుడు ఒకటి. మన వాదనకు కావలసిన కీలకం ఆ వేషంలోనే ఉంది.

హిరణ్యకశిపుడు అడిగిన వరం ఒకసారి వకీలు కళ్లతో చదవండి. మనిషి చేతిలో గాని మృగం చేతిలో గాని, పగలు గాని రాత్రి గాని, ఇంట్లో గాని బయట గాని, నేల మీద గాని ఆకాశంలో గాని, ఆయుధంతో గాని చావు ఉండకూడదు. ఇది వరం కాదు, దస్తావేజు. చావు ఏ సందులోంచీ దూరకుండా ఒక్కొక్క క్లాజూ రాసుకున్నాడు. ఆ దస్తావేజు చూసి ఏ బళ్లారి వకీలైనా మెచ్చుకునే ఉంటాడు. చివరికి సంధ్యవేళ, గడప మీద, ఒళ్లో వేసుకుని, గోళ్లతో నరసింహుడు ఆ క్లాజుల మధ్య సందు పట్టుకున్నాడు.

చంపిన తీరు అందరికీ తెలుసు. అంతకంటే ముందున్న సంగతే మనం దాటేస్తాం. భాగవతం సప్తమ స్కంధంలో ఉంది. వరం దొరికాక అతను ఇంద్రుడి భవనంలోనే కాపురం పెట్టాడు. దేవతలు కాళ్లొత్తారు, గంధర్వులు పాడారు, సముద్రాలు రత్నాలు తెచ్చిపోశాయి. అన్ని భోగాలూ అనుభవించాడు, అయినా తృప్తి దొరకలేదు. ఎడారి రోడ్డు పక్క ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్న క్యూ జాతివాళ్ల జబ్బే ఇతనిదీ. కథ నడిచేది ఆ తర్వాతే. ఏమీ తక్కువ లేనివాడికి, తను చెప్పిన మాటను కాదనే అయిదేళ్ల కొడుకు ఎదురయ్యాడు. మూడు లోకాలూ గెలిచినవాడు ఒక పిల్లవాడిని గెలవలేక కంభాలు తన్నాడు.

అయితే పడమటి కథకూ మన కథకూ తేడా ఒకటుంది. మాకు చెప్పాలనిపించింది కూడా దాని గురించే.

క్యూలకు గడువు లేదు. అందుకే విసుగు. మన పురాణాల్లో చావు లేని ప్రతివాడికీ ఒక గడువో, ఒక పనో ఉంది. ఇంద్రుడు అనేది మనిషి పేరు కాదు, పదవి పేరు. ఒక కల్పానికి 14 మన్వంతరాలు, ఒక్కో మన్వంతరానికి ఒక్కో ఇంద్రుడు. ఇప్పుడు నడిచేది ఏడోది, వైవస్వతం. ఇప్పటి ఇంద్రుడు పురందరుడు. ఎనిమిదోదానికి ఇంద్రుడు ఎవరో ముందే ఖాయమైంది: వామనుడు పాతాళానికి తొక్కిన బలి చక్రవర్తి. ఓడిపోయినవాడు కూడా వరసలో ఉన్నాడన్నమాట. మధ్యలో ఆ కుర్చీలో కూర్చున్న నహుషుడి సంగతీ తెలిసిందే. మనిషిగా వెళ్లి, రుషుల చేత పల్లకి మోయించి, కొండచిలువై కింద పడ్డాడు. అందుకే మన ఇంద్రుడు విసుగుపడ్డట్టు ఎక్కడా కనపడదు. ఎవరో తపస్సు చేస్తుంటే భయపడి చస్తుంటాడు. పదవి పోతుందన్న భయమున్నవాడికి విసుగెక్కడిది!

చిరంజీవుల సంగతి ఇంకోటి. అశ్వత్థామది శాపం. మూడువేల ఏళ్లు తోడు లేకుండా, పలకరించేవాళ్లు లేకుండా తిరగమన్నాడు కృష్ణుడు. చావు లేకపోవడాన్ని మన వ్యాసుడు మరణశిక్షకంటే పెద్ద శిక్షగా వాడాడు. యయాతి కొడుకు దగ్గర యవ్వనం అప్పు తీసుకుని వెయ్యేళ్లు అనుభవించి, కోరిక తీరేది కాదని తెలుసుకుని తిరిగిచ్చేశాడు. ఆ కథ మీదనే గిరీశ్ కర్నాడ్ కన్నడంలో నాటకం రాశారు, 1961లో అచ్చయింది. కన్నడ మిత్రులతో కలిసి కార్యక్రమం చేసేటప్పుడు ఆ నాటకాన్ని గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక హనుమంతుడు. ఆయన మన పొరుగువాడే. కిష్కింధ అంటే హంపి, ఆనెగొంది చుట్టుపక్కలే అని మన తాతముత్తాతల నమ్మకం. అంజనాద్రి మెట్లు మనలో ఎక్కనివాళ్లు తక్కువ. ఆయన అడిగిన ఆయుష్షుకు కొలత ఏళ్లలో లేదు. రాముడి కథ భూమి మీద చెప్పుకున్నంత కాలం బతికుంటానన్నాడు. అందుకే రామాయణ పారాయణం దగ్గర ఒక పీట ఖాళీగా వేసి ఉంచుతారు, ఆయన వచ్చి కూర్చుంటాడని. కథ వినేవాళ్లున్నంత వరకే ఆయన ఆయుష్షు. అదే కథ లక్షసార్లు విన్నా ఆయనకు విసుగు లేదు. ప్రతిసారీ కొత్త గొంతు చెబుతుంది, వినే పిల్లలు కొత్తవాళ్లు.

మంత్రాలయం స్వామివారిదీ అంతే. 1671లో రాఘవేంద్రస్వామి బృందావనంలో ప్రవేశించారు, 700 ఏళ్లు అక్కడే ఉండి భక్తుల్ని కనిపెట్టుకుంటారని నమ్మకం. అక్కడా ఒక గడువుంది, ఒక పనుంది. ఇనాం భూమి సంగతి తేల్చడానికి వచ్చిన మన్రో దొర టోపీ, బూట్లు తీసి లోపలికి వెళ్లి, ఎవరికీ కనపడని స్వామితో మాట్లాడి వచ్చాడని కథ. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాక వచ్చిన కలెక్టరు ఆయన. మంత్రాలయం ఉన్న ఆదోని తాలూకా 1953 దాకా మన బళ్లారి జిల్లాలోదే.

కాబట్టి మన కథల్లో చావు లేకపోవడం గొప్ప కాదు. మోసే పని ఉంటే వరం, లేకపోతే శాపం. దేవుడి ఆటను లీల అన్నారు మనవాళ్లు. లీల నిండుతనంలోంచి వచ్చే ఆట. క్యూ ఆడేది ఖాళీతనంలోంచి వచ్చే ఆట. చూడ్డానికి రెండూ ఒకటిలాగే ఉంటాయి.

తెలుగు సినిమా ఈ సంగతిని హాస్యంగా పట్టుకుంది. 'దేవాంతకుడు' (1960), 'యమగోల' (1977) చూడండి. మన మనిషి పైకెళ్లి యముడి ఆఫీసునే తిరగేస్తాడు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో ఇంద్రజ భూమి మీద ముచ్చటపడి దిగి, ఉంగరం పోగొట్టుకుని ఇక్కడే చిక్కుకుంటుంది. స్వర్గంలో అన్నీ ఉన్నాయి, భూమ్మీదున్న ఉత్సాహం లేదు. చివరికి స్వర్గాన్నే వదులుకోవడానికి సిద్ధపడుతుంది. ఆమె మనసు దోచినవాడి వేషం కట్టిన నటుడి పేరు చిరంజీవి కావడం కాకతాళీయమే గానీ బాగుంది.

ఇంకొక్క నాటకం గురించి చెప్పి ముగిస్తాం. కోలాచలంవారి 'రామరాజు చరిత్ర'. 1565 తళ్లికోట యుద్ధం, విజయనగర పతనం. రాఘవగారు అందులో పఠాన్ రుస్తుం వేషం కట్టి తెలుగునాడంతా పేరు పొందారు. చరిత్రలో ఆ రామరాజెవరు? కిరీటం సదాశివరాయలది, అధికారం అళియ రామరాయలది. ఇరవై ఏళ్లకు పైగా ఆయన మాటే శాసనం. ముసలితనంలో కూడా తానే యుద్ధానికి నాయకత్వం వహించి అక్కడే తలపోగొట్టుకున్నాడు. తమ్ముడు తిరుమల మిగిలినవాళ్లతో పెనుకొండకు పోయాడు. విజయనగరం కూలడానికి కారణాలు చాలా ఉన్నాయి, అంతా ఒక్కడి మీద వేయడం న్యాయం కాదు. అయినా ఒకే మనిషి మీద నిలబడ్డ నగరం ఆ మనిషితోనే ఒరిగింది. ఆ రాళ్లు మనకు గంటన్నర దూరంలోనే ఉన్నాయి.

మన ముగ్గురు వకీళ్లు చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ధర్మవరంవారు నాటకంలో పాటలకు, పద్యాలకు పెద్దపీట వేశారు. మేనల్లుడు రాఘవ ఆ రాగాలు సాగదీయడాన్ని తగ్గించి మాటకు, నటనకు ప్రాణం పోశారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టారు. మేనమామ నేర్పిన స్టేజీ మీదే మేనమామ పద్ధతిని మార్చారు. అందుకే ఆ స్టేజీ ఇంకో తరం బతికింది.

తర్వాత 1953 అక్టోబరు 1 వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్లారి మైసూరులో చేరింది. ఆ పంపకం మీద మళ్లీ వాదన మాకు అక్కర్లేదు. కన్నడం మనకు అన్నం పెట్టిన భాష, ఇరుగుపొరుగు భాష. కాకపోతే ఒకటి జరిగింది. తెలుగు నాటకానికి తొట్టిల్లయిన ఊళ్లో తెలుగు ఇంటి భాషగా మిగిలింది. బడిలో లేనిది, బోర్డుల మీద లేనిది, ఇక నిలవాలంటే నోటి మీదే నిలవాలి. మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. స్విఫ్ట్ చెప్పిన చావులేని ముసలివాళ్లు గుర్తున్నారా? ముందు తరం భాష తర్వాతి తరానికి అందకపోతే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి పరాయివాళ్లవుతారు. అది అంతరిక్షంలో జరిగే కథ కాదు. రేపు మన వరండాల్లో జరగబోయేది.

మన సంఘంలో హిరణ్యకశిపుడి వేషం చాలా ఏళ్లుగా ఒకే ఇద్దరు పెద్దల మధ్య తిరుగుతోంది. వాళ్ల గొంతు, ఆ నిలుచునే తీరు ఎవరికీ రాదు, కాదనం. కానీ వాళ్ల తర్వాత ఎవరు? కమిటీ కుర్చీలకూ అదే ప్రశ్న. ఇంద్రుడికే మన్వంతరం గడువు పెట్టిన జాతి మనది. మన కుర్చీలకు రెండేళ్లో మూడేళ్లో గడువు పెట్టుకుంటే ఎవరి గౌరవమూ తగ్గదు. దిగినవాళ్లకు పని ఉండదని భయం వద్దు. హనుమంతుడికి ఏ కుర్చీ ఉంది? పీట మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

అందుకని ఉగాదికి మేమొక మాట అనుకున్నాం. ఇష్టమైతే సర్వసభ్య సమావేశంలో పెడదాం. నాటకం పిల్లలే రాయాలి. కథ ఇది: క్యూ అనే చావులేనివాడు విసుగెత్తి బళ్లారి కోర్టులో దిగుతాడు, మనుషుల మీద కేసు పెడతాడు. మనుషుల తరఫు సాక్షిగా హిరణ్యకశిపుడిని బోనెక్కిస్తారు. అన్నీ ఉండి తృప్తి ఎందుకు లేదో ఆయనే చెప్పాలి. మాటలు పిల్లలవి. హిరణ్యకశిపుడి వేషం కాలేజీ కుర్రవాడికి గాని అమ్మాయికి గాని ఇవ్వాలి. ఆ ఇద్దరు పెద్దలు గురువులుగా కూర్చుని ఉచ్చారణ, నడక, పద్యం ఎత్తుగడ నేర్పాలి. తెలుగు చదవడం తడబడేవాళ్లకు పద్యం నోటికి నేర్పించి, దాన్నే అక్షరాలు చూపిస్తూ చదివిస్తే లిపి పట్టుబడటం తేలికవుతుంది. మన ఇళ్లలో ఇలా నేర్చుకున్న పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు.

రిహార్సల్ చూడ్డానికి పెద్దలు రండి, మధ్యలో అందుకోకండి. పిల్లలు తప్పు చదివితే అంకం అయ్యాక చెప్పండి. కాఫీ, బొరుగులు, మిరపకాయ బజ్జీలు సంఘం ఖర్చు.

మీ అభిప్రాయాలు కింద రాయండి. ధర్మవరంవారి నాటకాల పాత ప్రతులు, రాఘవగారి కాలపు కరపత్రాలు, ఫోటోలు ఎవరి ఇంట్లోనైనా అటకమీద ఉంటే దయచేసి దించి, దుమ్ము దులిపి, సమావేశానికి తీసుకురండి. పిల్లలకు చేత్తో తాకి చూపిద్దాం.